నలుగురు నిలబడితే ఇద్దరి పేర్లే రాశారు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రంలో మీ పత్రిక ఏజెంటును. 1994లో సైకిల్ మీద మొదలుపెట్టాను, ఇప్పుడు స్కూటీ మీద వేస్తున్నాను. మీ పేపర్‌తో పాటు ఇంకో రెండు పేపర్లు కూడా నా చేతుల మీదుగానే మా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తాయి. ఈ 31 ఏళ్లలో మీ ఆఫీసుకు చాలా ఉత్తరాలు రాశాను. బండిల్ ఆలస్యంగా వస్తోందనో, వానకు తడిసిన కాపీలు లెక్కలోంచి తీసేయమనో రాసినవే అన్నీ. పేపర్‌లో అచ్చయిన దాని గురించి రాయడం ఇదే మొదటిసారి.

2025 డిసెంబర్ 13, శనివారం. మర్నాడు మా మండలంలో రెండో విడత సర్పంచ్ ఎన్నికల పోలింగ్. ప్రచారం మైకులు ముందురోజు సాయంత్రమే బంద్ అయ్యాయి. తెల్లవారుజామున నాలుగింటికి బస్టాండు దగ్గర వ్యాను బండిల్ దించి వెళ్లింది. లెక్కపెడితే రోజూ వచ్చేదాని కంటే 60 కాపీలు ఎక్కువున్నాయి. పక్కనే బండి మీద శాలువా కప్పుకుని కూర్చున్న మనిషి "అవి మాయే అన్నా" అన్నాడు. మా ఊళ్లో సర్పంచ్‌కు నిలబడ్డ ఒక అభ్యర్థి మరిది. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. పేపర్ వేయించుకోని 60 ఇళ్లవాళ్ల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. డబ్బులు ఎప్పుడో కట్టేశామన్నాడు.

వీధిలైటు కింద కూర్చుని జిల్లా పేజీలు మెయిన్ పేపర్‌లో పెడుతుంటే మా మండలం వార్త కళ్లబడింది. పేజీ పైభాగంలో నాలుగు కాలాలు. మా ఊరి జనం ఫలానా అభ్యర్థి వైపే మొగ్గుతున్నారని శీర్షిక. చేతులు జోడించిన రంగుల ఫొటో. ఆ అభ్యర్థి మామ గతంలో వేయించిన సీసీ రోడ్డు, బోరు, కోదండరామాలయానికి ఇచ్చిన విరాళం అన్నీ ఉన్నాయి. పోటీ ఇద్దరి మధ్యేనని, అవతలి పక్షం డీలా పడిందని చివర్లో రాశారు. పైన విలేకరి డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో ఊరి పేరు, తేదీ వేసే వరుస ఉంది. 'ప్రకటన' అన్న మాట మాత్రం వెతికినా లేదు.

నేను ఆ 60 కాపీలూ వేశాను. కాగితంలో ఉన్న ఒక్క ఇల్లు కూడా తప్పకుండా వేశాను. పేపర్ మడతపెట్టి గడపలోకి విసరడమే ఏజెంటు పని, లోపల ఏముందో చూడటం మన పని కాదని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

ఎనిమిదింటికి ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే ఆమె వచ్చింది. మా ఊళ్లో బట్టలు కుట్టే మనిషి. పేరు రాయను. మా ఊరు ఈసారి బీసీ మహిళకు రిజర్వు అయింది. వెయ్యి రూపాయల డిపాజిట్ కట్టి నామినేషన్ వేసింది. ఏ పార్టీ ఆఫీసుకూ పోలేదు. గుర్తులు పేర్ల అక్షరక్రమంలో ఇస్తారు గనక ఉంగరం మొదటి అభ్యర్థికి పోయింది, రెండో పేరు ఈమెది, కత్తెర వచ్చింది. కుట్టుమిషను మనిషికి కత్తెర రావడం చూసి ఊళ్లో ఆడవాళ్లంతా సంబరపడ్డారు. ఎవరి జాకెట్టు ముక్క వాళ్లు తెచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చునేవాళ్లు. అదే ఆమె ప్రచారం.

ఆమె చేతిలో మీ పేపర్ ఉంది. ఆమె ఇల్లు కూడా ఆ 60లో ఒకటి. నేనే వేశాను.

"అన్నా, నా పేరు ఏడున్నదే ఇందుల?" అని అడిగింది.

నేను పేపర్ తీసుకుని చదివినట్టు చూశాను. లేదని నాకు తెలుసు.

"నలుగురం నిలబడితే ఇద్దర్నే రాసిర్రు. మేం మిగిలిన ఇద్దరం మనుషులం గాదా? నామినేషన్ ఆఫీసుల నా కాగితం తీసుకున్నరు. బ్యాలెట్ మీద నా పేరు అచ్చేసిర్రు. పేపరోళ్లకు నేను ఎందుకు కనవడలే?"

"రేపు పోలింగ్ కదా చెల్లె, ఇప్పుడు ఏం చేయగలం" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అయ్యా, మర్నాడు ఒంటిగంటకు పోలింగ్ అయిపోయింది. రెండింటికి లెక్కింపు మొదలుపెట్టారు. స్కూల్లో బల్లల మీద గులాబీ రంగు బ్యాలెట్లు కట్టలు కడుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూశాను. మీరు రాసిన అభ్యర్థికి 611 ఓట్లు. అవతలి పార్టీ మద్దతున్న అభ్యర్థికి 574. కత్తెరకు 287. నాలుగో ఆమెకు 41. నోటాకు 9, చెల్లనివి 26. గెలుపుకు, ఓటమికి మధ్య తేడా 37 ఓట్లు.

మీ వార్త వల్లే ఆ 37 ఓట్లు అటు పోయాయని నేను అనడం లేదు. ఓటరు మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? నేను అనేది ఇంకొకటి. పోటీ ఇద్దరి మధ్యేనని పోలింగ్ ముందురోజు అచ్చులో చదివిన మనిషి, కత్తెరకు వేస్తే ఓటు ఖరాబవుతుందని అనుకుంటాడు. అట్లా అనుకున్నవాళ్లు నా ముందే అన్నారు. అయినా 287 మంది వేశారు. ఆ 287 మంది ఓటేసిన మనిషి మీ పేజీలో పోలింగ్‌కు ముందు లేదు, తర్వాత కూడా లేదు. 15వ తేదీ ఫలితాల వార్తలో గెలిచినవారి పేరు, ఆధిక్యం, ఓడిన ప్రత్యర్థి పేరు, అంతే.

విలేకరి మీద నాకు కోపం లేదు. ఆ అబ్బాయిని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. డిగ్రీ చదివాడు, భార్య, పాప ఉన్నారు. మీరు అతనికి జీతం ఇవ్వరు. వార్త ఎన్ని సెంటీమీటర్లు పడితే అంత లైన్ అకౌంట్ ఇస్తారు. అది పెట్రోలుకు కూడా చాలదు. పండక్కి ఇంత, వార్షికోత్సవానికి ఇంత అని యాడ్స్ టార్గెట్ మాత్రం పెడతారు. ఎన్నికలొస్తే ఆ టార్గెట్ ఇంకా పెరుగుతుంది. అతను ఆమె దగ్గరికి కూడా వెళ్లాడట. మూడు రోజుల ప్యాకేజీ 15 వేలు, ఒకరోజు ఫొటోతో వార్త, రెండు రోజులు చిన్న వార్తలు అన్నాడట. ఆమె జాకెట్టు కుట్టడానికి 150 రూపాయలు తీసుకుంటుంది. వంద జాకెట్లు కుడితే గాని 15 వేలు రావు. నా దగ్గర లేవని చెప్పిందట. "సరే అక్కా" అని వెళ్లిపోయాడట. బెదిరించలేదు, గొడవ చేయలేదు. ఆమె పేరు రాయడం మానేశాడు. అంతే.

ఇది నాకు కొత్త సంగతి కాదు, అందుకే ఇంత ఇదిగా రాస్తున్నాను. 1998 నుంచి 2004 దాకా నేను కూడా ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేశాను. అప్పట్లో మా దగ్గర ఏజెన్సీ, విలేకరి పని రెండూ ఒకరికే ఇచ్చేవాళ్లు. 2001 పంచాయతీ ఎన్నికల్లో పక్క ఊరి అభ్యర్థి ఒకాయన దసరాకు, సంక్రాంతికి యాడ్స్ ఇచ్చేవాడు. ఆయన మీద పోటీ చేసిన యువకుడు రేషన్ డీలర్ అక్రమాల మీద తహసీల్దార్‌కు ఫిర్యాదు చేసినవాడు. ఫిర్యాదు కాగితం నకలు నాకు ఇచ్చాడు. ఆ వార్త నేను పంపలేదు. యాడ్ ఇచ్చినాయన ఇంటింటి ప్రచారం వార్త పంపాను. ఎవరూ నన్ను ఇలా చేయమని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, టార్గెట్ ఉంటే చాలు. ఆ యువకుడు ఓడిపోయాక ఊరు విడిచి హైదరాబాద్ పోయాడు. ఇప్పటికీ బస్టాండులో కనిపిస్తే "బాగున్నవా అన్నా" అంటాడు. ఆ కాగితం సంగతి ఏనాడూ ఎత్తడు.

చట్టం సంగతి కూడా ఒకటి ఉంది. సర్పంచ్ ఎన్నిక పార్టీల ఎన్నిక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం కింద కాని, ఇప్పుడు తెలంగాణలో 2018 చట్టం కింద కాని సర్పంచ్‌కు, వార్డు సభ్యుడికి పార్టీ గుర్తు ఉండదు. ఎంపీటీసీ, జెడ్పీటీసీలకు ఉంటుంది. ఊళ్లో నీళ్లు, మోరీలు, లైట్లు, శ్మశానవాటిక చూసుకునే మనిషిని ఊరు తన కళ్లతో చూసి ఎంచుకోవాలని అలా పెట్టారు. లోపల పార్టీలు ఉండవా అంటే ఉంటాయి, కండువాలు ఉంటాయి, అది నాకూ తెలుసు. కానీ బ్యాలెట్ మీద లేని పార్టీని పేపర్‌లో అచ్చేసేది మీరు.

15వ తేదీ పొద్దున నా మూడు బండిళ్లలో మూడు పేపర్లు ఉన్నాయి. మా మండలంలో 23 పంచాయతీలు. మీ పేపర్‌లో పాలక పక్షానికి 15, ప్రతిపక్షానికి 6, ఇతరులకు 2 అని పట్టిక వేశారు. రెండో పేపర్‌లో పాలక పక్షానికి 11, ప్రతిపక్షానికి 10, ఇతరులకు 2. మూడో పేపర్‌లో 12, 7, 4. ఊళ్లు అవే, సర్పంచులు అవే, ఓట్లు అవే. ఎన్నికల సంఘం ఫలితంలో పేరు ఉంటుంది, ఓట్లు ఉంటాయి, పార్టీ గడి ఉండదు. మరి ఈ లెక్క ఎక్కడిది? పార్టీ ఆఫీసు నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్. నేను విలేకరులను అడిగే రాస్తున్నాను. రాష్ట్రంలో 12,728 పంచాయతీలకు మూడు విడతల్లో ఎన్నిక పెట్టారు. ప్రతి విడత మర్నాడు ఇదే పని జరిగింది. 2021 ఫిబ్రవరిలో అవతల ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలప్పుడు జగ్గయ్యపేటలో ఏజెన్సీ చేసే నా మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు, రెండు పెద్ద పార్టీల లెక్కలు కలిపితే నూటికి నూరు దాటిపోతోందని. అక్కడ కూడా ఏ పేపర్ చందాదారుడికి ఆ పేపర్ లెక్కే అందింది.

మా చందాదారుల్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఉన్నారు. మూడు పేపర్లూ వేయించుకుంటారు. ఎందుకు సార్ మూడని ఒకసారి అడిగాను. మూడింట్లోనూ ఉన్నది మాత్రమే నిజమని నమ్ముతానన్నారు. ఎన్నికల నెలలో మూడింట్లోనూ కలిసేవి ఏవి సార్ అంటే, చనిపోయినవాళ్ల వివరాలు, బంగారం ధర అన్నారు. ఆయన పింఛనులోంచి నెలనెలా మూడు బిల్లులు కడుతున్నారు. అందరూ అలా కట్టలేరు. మా ఊళ్లో ఎక్కువ ఇళ్లకు ఒక్క పేపర్ కూడా భారమే. బస్టాండు చాయ్ హోటల్‌లో ఒకే పేపర్ ఉంటుంది, దాన్నే రోజంతా వంద మంది తిరగేస్తారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ హోటలాయన "ఆ పేపర్ బంద్ చెయ్, ఇది వెయ్" అంటాడు. 31 ఏళ్లలో ఆయన అలా నాలుగుసార్లు మార్చాడు. 'నువ్వు ఏ పేపర్ చదువుతావు' అన్న ప్రశ్నకు 'నీది ఏ పార్టీ' అన్న అర్థం మా దగ్గర ఎప్పుడో వచ్చేసింది. పేపర్ వేసేవాడిగా అది వింటే నాకు బాధ కలుగుతుంది. నేను మొదలుపెట్టిన కొత్తల్లో ఇంటి పెద్దలు పేపర్ అందుకోగానే కళ్లకద్దుకునేవారు.

మన పత్రికలు ఎప్పుడూ ఏ పక్షమూ పట్టలేదని నేను అనను. మచిలీపట్నంలో ముట్నూరి కృష్ణారావు గారు కృష్ణా పత్రిక నడిపింది స్వాతంత్ర్యం కోసం. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక పెట్టింది నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల గొంతు వినిపించడానికి. వాళ్లు పక్షం వహించినప్పుడు సంపాదకీయంలో వహించారు, ఇది మా అభిప్రాయమని చెప్పి వహించారు, దానికి కష్టాలు కూడా పడ్డారు. పక్షం వహించడం తప్పు కాదు. మండలం పేజీలో, విలేకరి డేట్‌లైన్ కింద, జనం ఇలా అనుకుంటున్నారంటూ మీ అభిప్రాయాన్ని జనం నోట్లో పెట్టడం తప్పు.

మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. ఈ గొడవంతా ఫోన్‌లో చెప్తే అక్కడి పద్ధతి చెప్పాడు. అక్కడి స్థానిక పత్రిక డల్లాస్ మార్నింగ్ న్యూస్ సిటీ కౌన్సిల్‌కు, స్కూల్ బోర్డుకు ఎన్నికలొస్తే అభ్యర్థులకు ప్రశ్నలు పంపి వాళ్ల జవాబులు ప్రచురిస్తుందట. తర్వాత అభిప్రాయాల పేజీలో మా సిఫారసు ఫలానా వారికి, ఈ కారణాల వల్ల అని రాస్తుందట. నచ్చినవాడు వింటాడు, నచ్చనివాడు తిడతాడు, కానీ అది వార్త అని ఎవరూ పొరబడరు. 2024 అక్టోబర్‌లో వాషింగ్టన్ పోస్ట్ అధ్యక్ష ఎన్నికకు ఈసారి ఎవరినీ సిఫారసు చేయబోమని పోలింగ్‌కు కొద్దిరోజుల ముందు ప్రకటిస్తే రెండున్నర లక్షలకు పైగా చందాలు రద్దయ్యాయని కూడా చెప్పాడు. ఏజెంటుగా ఆ అంకె విని నా గుండె ఆగినంత పనయింది. తర్వాత ఆలోచిస్తే ఇంకొకటి తట్టింది. తమ పేపర్ ఏం చేస్తుందో దాచకుండా చెప్పాలని పట్టుబట్టే పాఠకులు అక్కడ ఉన్నారు. ఇక్కడ మా ఊళ్లో ఆ వార్త చూసి ఒక్కరూ చందా మానలేదు. 'పేపర్లంటే అంతే కదా' అన్నారు. మీ సర్క్యులేషన్ విభాగం దీన్ని మంచి వార్త అనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు.

కరపత్రాల సంగతి చూడండి. ఎన్నికల్లో అభ్యర్థులు పేపర్ మడతలో పెట్టమని నాకు కరపత్రాలు ఇస్తారు. వందకు ఇంత అని తీసుకుంటాను. ఆ కరపత్రం కింద ప్రెస్ పేరు, అచ్చు వేయించినవారి పేరు ఉండాలి. లేకపోతే కేసవుతుంది. పేరు లేనివి నేను తిప్పి పంపిస్తాను. ఆ కరపత్రం ఖర్చు అభ్యర్థి లెక్కలో చూపించాలి. మా ఊరి లాంటి 5 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి సర్పంచ్ అభ్యర్థి లక్షన్నర దాటి ఖర్చు పెట్టకూడదు, ఎన్నికయ్యాక 45 రోజుల్లో లెక్క ఇవ్వాలి. మరి అదే పేపర్ పేజీ మీద, నాలుగు కాలాల్లో, రంగుల్లో అచ్చయిన దానికి డబ్బు ఎవరిచ్చారో ఎక్కడా ఉండదు. రశీదు ఉండదు. అభ్యర్థి లెక్కలో ఉండదు. ఒకే మడతలో, ఒకే రోజు, ఒకే గడపలో పడిన రెండు కాగితాలవి. అర్ధ రూపాయి కరపత్రానికి ఉన్న నియమం మీ పేజీకి లేకపోవడం ఏ లెక్కన న్యాయమో మీరు చెప్పాలి.

ఇది మొదటిసారి బయటపడిన సంగతి కూడా కాదు. 2009 ఎన్నికలప్పుడు అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని వార్తలు రాయడం మీద ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. ఒకరు జర్నలిస్టు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి గారు. వాళ్లు 70 పేజీలకు పైగా నివేదిక రాశారు, అందులో పత్రికల పేర్లు కూడా రాశారు. 2010 జూలైలో కౌన్సిల్ ఆ పేర్లు లేకుండా చిన్న నివేదిక మాత్రం విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గాని 2011లో పూర్తి నివేదిక బయటికి రాలేదు. పత్రికల గురించి పత్రికల సంస్థ రాయించిన నిజాన్ని చదవడానికి జనం సమాచార హక్కు చట్టం దాకా వెళ్లాల్సి వచ్చింది. కంట్రిబ్యూటర్‌గా పని మానేసినా యూనియన్ సమావేశాలకు అప్పటికి ఇంకా వెళ్తుండేవాణ్ని. ఆ రోజుల్లో అందరం గట్టిగా మాట్లాడుకున్నాం. తర్వాత మళ్లీ ఎన్నికలొచ్చాయి, మళ్లీ టార్గెట్లొచ్చాయి.

ఎన్నికల వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ అభ్యర్థి తరఫునా పత్రిక ప్రచారం చేయరాదు, ఒకవేళ చేస్తే అవతలి అభ్యర్థికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని అందులో ఉంది. అభ్యర్థుల నుంచి ఏ రకమైన ప్రలోభమూ పుచ్చుకోరాదని కూడా ఉంది. కౌన్సిల్‌కు మందలించే అధికారం తప్ప శిక్షించే అధికారం లేదు గనక ఎవరూ భయపడరు. భయంతో కాదు, మీరుగా పాటించాలని అడుగుతున్నాను.

మా చెల్లె, ఆ కత్తెర గుర్తు ఆమె, పోలింగ్ ముందురోజు జవాబు ఎక్కడ చెప్పుకోవాలి? మైకు బంద్. కరపత్రం వేయడానికి వీల్లేదు. మీ పేజీ ఒక్కటే ఆ రోజు ఊళ్లో మాట్లాడింది.

నేను ఇది రాసేనాటికి మండల పరిషత్, జిల్లా పరిషత్ ఎన్నికలు ఇంకా జరగాల్సి ఉన్నాయి. అవి పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి, పార్టీ పేర్లు రాయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఉపసంహరణ గడువు ముగిసిన మర్నాడు బరిలో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, గుర్తు ఒకే సైజు అక్షరాల్లో వేయండి. ఎన్నికల అధికారి అతికించే జాబితా అది, దాన్ని తెచ్చి కంపోజ్ చేయడానికి విలేకరికి పది నిమిషాలు పట్టదు. డబ్బు తీసుకున్న దాని మీద ప్రకటన అని రాయండి, కనిపించేంత పెద్దగా రాయండి. పోలింగ్ ముందురోజు ఏ అభ్యర్థి గెలుస్తారన్న వార్తా వేయకండి. సర్పంచ్ ఫలితాలకు పార్టీల పట్టిక వేయడం మానండి. వేయక తప్పదనుకుంటే, ఈ లెక్క ఏ పార్టీ ఆఫీసు ఇచ్చిందో దాని కిందే రాయండి. మీకు నిజంగా ఒక అభ్యర్థి మంచివాడనిపిస్తే సంపాదకీయంలో మీ మాటగా రాయండి, ఎందుకో చెప్పండి. నేను గర్వంగా మడతపెట్టి వేస్తాను. అన్నిటి కంటే ముందు మండలం విలేకరికి జీతం ఇవ్వండి. అతని తిండి అభ్యర్థి జేబులో ఉన్నంతకాలం మీరు పెట్టే నియమాలన్నీ గోడ మీద రాతలే.

ఈ ఉత్తరం అచ్చు వేస్తే నా పేరు, మండలం పేరు తీసేయండి. నా ఏజెన్సీ డిపాజిట్ మీ దగ్గరే ఉంది. భయం లేదని అబద్ధం చెప్పలేను. ముప్పై ఏళ్లుగా ఈ పని మీదే ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు. నా పేరు తీసేసినా మీ మండలం డెస్క్ వాళ్లు ఎవరో పోల్చుకుంటారు, పోల్చుకోనివ్వండి. ఆ అబ్బాయి విలేకరిని మాత్రం దీనికి బలి చేయకండి. అతన్ని తీసేసి ఇంకొకరిని పెడితే, కొత్తగా వచ్చినవాడికీ అదే టార్గెట్ ఇస్తారు.

ఒక్క కోరిక మిగిలింది. మా ఊరి ఫలితం మళ్లీ ఒకసారి వేయండి. నలుగురి పేర్లు, నాలుగు గుర్తులు, ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో అంత మాత్రమే. విశేషణాలేవీ వద్దు. పాత కంట్రిబ్యూటర్‌ను గనక నాకు తెలుసు, సింగిల్ కాలంలో నాలుగు సెంటీమీటర్లు పడుతుంది. ఆ రోజు బండిల్‌లో 60 కాపీలు అదనంగా పంపండి. బిల్లు నా పేరు మీదే వేయండి, నేను కడతాను. అభ్యర్థి మరిది ఇచ్చిన కాగితం ఇంకా నా స్కూటీ డిక్కీలో ఉంది. పోయినసారి వేసిన ఆ 60 గడపలకే మళ్లీ వేస్తాను.

ఇట్లు,
మీ పత్రిక ఏజెంటు,
సూర్యాపేట జిల్లా